ఏడో నెల డ్రైవర్

మా వాడలో ఎవరు ఏ ఫారం నింపినా, ఫోన్ నంబర్ దగ్గరికి వచ్చేసరికి మక్సూద్ నంబరే రాస్తారు. గ్యాస్ బండకు అదే నంబర్, పిల్లల బడికి అదే నంబర్. నా కుట్టు మిషన్ బాగుచేసే అతను వస్తున్నానని ఫోన్ చేసేది కూడా మక్సూద్‌కే. ఇదేం పద్ధతి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. పిలవగానే పలికే మనిషి మీ వాడలో ఉంటే మీరూ అదే చేద్దురు.

దీనికో కారణం ఉంది. శంషాబాద్ దాటి పాల్మాకుల వైపు పోయే దారిలో ఉంటాం మేము. వాడలో సగం మంది ఒకే కాంట్రాక్టు కంపెనీలో పని చేస్తారు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల హోటళ్లకూ గోదాములకూ ఊడ్చేవాళ్లను, మొక్కలకు నీళ్లు పెట్టేవాళ్లను, డ్రైవర్లను ఆ కంపెనీ పంపిస్తుంది. డ్యూటీ ఎక్కేముందు అందరి ఫోన్లూ ఒక పెట్టెలో పెట్టించుకుంటారు. డ్రైవర్ ఫోన్ మాత్రం డ్రైవర్ దగ్గరే ఉంటుంది. మరి ఇంటి దగ్గర పిల్లకు జ్వరమొస్తే తల్లికి ఎట్లా తెలియాలి? మక్సూద్‌కు ఫోన్ చేయాలి. రెండో రింగుకు ఎత్తుతాడు. "పరేషాన్ కాకు, నేను చెప్త" అంటాడు. చెబుతాడు కూడా. అట్లా మొదలైన అలవాటు, పనితో సంబంధం లేని ఫారాల దాకా పాకింది.

మనిషికి నలభై ఆరేళ్లు. గడ్డం సగం తెల్లబడింది. భార్య షహజాది చేతి వంట పుణ్యమా అని పొట్ట కూడా ఉంది, అబద్ధమెందుకు. కంపెనీ పెట్టిన ఏడాదే చేరాడు, అక్కడ అతనికంటే పాత డ్రైవర్ లేడు. అందుకే రెండేళ్ల కింద కొత్త వ్యాన్ వచ్చినప్పుడు తాళం అతని చేతికే ఇచ్చారు. ఆ వ్యాన్‌ను అతను చూసుకున్న తీరు నేను ఏ పెళ్లికొడుకులోనూ చూడలేదు. కిటికీలకు పరదాలు కావాలని నా దగ్గరికొచ్చి, నీలం రంగులో పది రకాలు తిప్పి చూసి, చివరికి మొదట చూపించినదే తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ కుట్టాను. బాగా కుట్టాను.

ఇగ అసలు కథ. ఈ ఏడు కంపెనీ వాళ్లు మనుషుల లెక్కంతా వెబ్‌సైటులోకి ఎక్కించారు. రిజిస్టర్లలో ఉన్న పేర్లు, ఫోన్ నంబర్లు, చేరిన తేదీలు అన్నీ వరసగా కొట్టించి, ఆ రిజిస్టర్లను తూకానికి అమ్మేశారు. ఆ తరువాత ఒక్కొక్కరినీ పిలిచి, ఒక ట్యాబ్ చేతికిచ్చి, ఆరోగ్యం గురించిన గడులు మీరే నింపండి అన్నారు. మా దుర్గవ్వ మొక్కల పనిలో ఉంటుంది. ఆమె నింపింది. మా ఎదురింటి మనీషా ఊడ్చే పనిలో ఉంటుంది. ఆ పిల్లకప్పుడు ఏడో నెల, అది కూడా నింపింది. అందరినీ తీసుకొచ్చి దించాడు కాబట్టి మక్సూద్ చివరన నింపాడు. జీతం మెసేజీ కోసమని మిగతావాళ్లు కంపెనీకి మాత్రం సొంత నంబరే ఇచ్చారు, కానీ నంబర్ గడిలో ఈ ముగ్గురూ ఏం రాశారో వేరే చెప్పాలా?

మరునాడు పొద్దున మక్సూద్ తాళం కోసం సూపర్‌వైజర్ బిక్షం దగ్గరికి పోయాడు. బిక్షం ట్యాబ్‌లో డ్రైవర్ పేరు నొక్కాలి. ఆకుపచ్చ వస్తే తాళం ఇవ్వాలి, ఎరుపు వస్తే ఇవ్వకూడదు. ఎరుపు వచ్చింది. బిక్షం అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మక్సూద్ ముఖం చూశాడు, గడ్డం చూశాడు, పొట్ట కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"అన్నా, నువ్వు గర్భిణివంట," అన్నాడు.

మక్సూద్ నవ్వాడు. బిక్షం నవ్వలేదు. ఏడో నెల, బండి నడపకూడదు, బరువు ఎత్తకూడదు, ఎక్కువసేపు నిలబెట్టకూడదు, రోజూ ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు ఇవ్వాలి అని అందులో ఉన్నదంతా చదివి వినిపించాడు. లింగం దగ్గర మగ అనే ఉంది. ఆ రెండూ ఒకేచోట ఎట్లా ఉన్నాయని ఆ వెబ్‌సైటు ఎవరినీ అడగలేదు. నువ్వు మగవాడివని నాకు తెలియదా అన్నా, కానీ ఎర్రరంగు చూసి తాళం ఇచ్చానని తెలిస్తే రేపు నా ఉద్యోగానికే ఎర్రరంగు వస్తది అని బిక్షం చేతులు పట్టుకున్నాడు. ఆ తరువాత కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాడు. పాలు తెప్పించాడు.

సరిచేద్దామని ఇద్దరూ ఆ గడి తెరిచి చూశారట. ఒకటి నుంచి తొమ్మిది దాకా నెలలున్నాయి. సున్నా లేదు. ఖాళీగా వదిలేసి నొక్కితే మళ్లీ ఏడే వస్తోంది. అప్పుడు బిక్షంకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. ఒకటో నెల అని మార్చుదాం, నడపడానికి పనికొస్తావేమో అన్నాడు. మక్సూద్ ససేమిరా ఒప్పుకోలేదు. ఇప్పటికి ఏడు నెలలు గడిచాయి, మళ్లీ మొదటి నుంచి మోయడం నావల్ల కాదన్నాడు. ఈ ముక్క బిక్షం వాడంతా చెప్పుకుని తిరిగాడు.

అట్లా మక్సూద్ కుర్చీలో కూర్చున్నాడు. వ్యాన్‌ను వేరేవాడు నడిపాడు. గేర్ మార్చినప్పుడల్లా అది చేసే చప్పుడు విని ఇతను కుర్చీలోంచి లేచేవాడట, బిక్షం భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టేవాడట. ఫోన్‌కు మెసేజీలు మొదలయ్యాయి. ఈ వారం మీ బిడ్డ వంకాయంత అయింది, ఎడమవైపు తిరిగి పడుకోండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి అని. షహజాది ఆ మెసేజీలు చదివించుకుని, నాకు తెలియకుండా కడుపు ఎక్కడ తెచ్చుకున్నావని మొగుడిని నిలదీసింది. పక్కింట్లో మిషన్ దగ్గరున్న నాకు వినపడాలనే గట్టిగా అడిగింది. నేను నవ్వి నవ్వి ఒక జాకెట్టు చంక అడ్డంగా కుట్టేశాను.

గర్భంతోపాటు కంటిలో పొర కూడా వచ్చింది అతనికి. అది దుర్గవ్వది. ఆమె రాసింది కూడా అదే వరసలో ఉండిపోయింది. అంటే మక్సూద్ పేరు, దుర్గవ్వ కళ్లు, మనీషా కడుపు కలిసి కంపెనీలో ఒక కొత్త మనిషి తయారయ్యాడు.

నవ్వడం అక్కడితో ఆగింది. ఎందుకంటే నాలుగో రోజు మనీషా సెలవు అడగడానికి పోయింది. కాన్పు సెలవు, జీతంతో వచ్చేది. దాని మొగుడు శివ కందుకూరు వైపు బోర్ల పనికి పోతాడు, బోర్లు పడితే డబ్బు, లేకపోతే లేదు. ఆ సెలవు ఉంటేనే ఆ పిల్ల తల్లి అయ్యాక కూర్చుని రెండు ముద్దలు తినగలదు. అది లేకపోతే పచ్చి బాలింత చీపురు పట్టాలి. బిక్షం ట్యాబ్‌లో వెతికాడు. మనీషా అన్న పేరు లేదు. పైనుంచి కిందకు, కింద నుంచి పైకి చూశాడు, లేదు. అంత కడుపు ముందు పెట్టుకుని నిలబడిన పిల్లతో ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా?

"చెల్లె, నీ పేరు లేదు. నీ గర్భం మక్సూద్ అన్న పేరు మీద ఉన్నది."

ఆ పిల్ల ఏడ్చుకుంటూ నా దుకాణానికి వచ్చింది. మక్సూద్‌కు రోజూ కుర్చీ, పాలు, గుడ్డు. ఇది మాత్రం మెట్లు తుడుస్తోంది. మక్సూద్ ఆ గుడ్డును రుమాలులో చుట్టి సాయంత్రం దీనికే తెచ్చి ఇస్తున్నాడన్న మాట నిజమే, కానీ గుడ్డుతో ఇల్లు గడుస్తుందా? నాకు కోపం వచ్చింది. కుట్లు సగంలో వదిలేసి, మనీషానూ మక్సూద్‌నూ దుర్గవ్వనూ వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకు పోయాను. నాకు అక్కడ ఏ సంబంధమూ లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని షహజాది వెనక నుంచి అన్నది. నేను విననట్టు నడిచాను.

ఆ వెబ్‌సైటు తయారుచేసిన అబ్బాయి పేరు అరుణ్‌కుమార్. కోస్తా వైపు పిల్లవాడు, మర్యాదస్థుడు. మాకు కుర్చీలు వేయించాడు. మక్సూద్‌కు మాత్రం మెత్తది వేయించాడు, ట్యాబ్‌లో ఏముందో అతనికీ తెలుసు కాబట్టి. నేను గొంతు పెంచాను. అతను పెంచలేదు. అది నాకు ఇంకా మండింది.

"చూడండమ్మా, ఒక నంబర్ అంటే ఒక మనిషి," అన్నాడు. "ఆ నంబర్ ముందే ఉంటే ఆ వరసనే మారుస్తుంది. లేకపోతేనే కొత్త వరస చేరుస్తుంది. రాసిన గడి మారుతుంది, ఖాళీగా వదిలిన గడిలో పాతది అలాగే ఉంటుంది."

నాకు వెంటనే అర్థమైంది. ఇది మా పనే. మనిషి పాత జాకెట్టు పట్టుకొస్తే ఆల్టర్ చేస్తాం, పట్టుకురాకపోతే కొత్త గుడ్డ కత్తిరిస్తాం. భుజం మాట ఎత్తకపోతే భుజం జోలికి పోము. కానీ ముగ్గురు మనుషులు ఒకే జాకెట్టు పట్టుకొస్తే, వీళ్లు ముగ్గురమ్మా అని కళ్లతో చూసి చెప్పే టైలర్ ఉంటుంది. ఆ మాటే అతనితో అన్నాను. అతను ఆలోచించాడు. మా ఊళ్లో ఎవరి ఫోన్ వాళ్లకుంటుందండీ అన్నాడు. మా వాడలో కూడా ఉంటుంది నాయనా, అది పెట్టెలో ఉంటుంది అన్నాను.

పాపం, మంచివాడే. తల పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి రెండు దారులు చెప్పాడు. మక్సూద్ వరసలోంచి గర్భాన్ని తానే లోపలి నుంచి తీసేయగలడు. నిమిషంలో ఆకుపచ్చ వస్తుంది, వ్యాన్ తాళం వస్తుంది. అప్పుడు మనీషాకు కొత్త వరస కట్టాలి. కట్టిన రోజే చేరిన తేదీ అవుతుంది. ఈ రోజు చేరిన మనిషికి కాన్పు సెలవు రాదు. మూడేళ్లుగా ఊడుస్తోంది కదా అంటే, ఆ మాట చెప్పే రిజిస్టర్ కాటాకు పోయింది. చేరిన తేదీ గడిని ఎవరూ దొంగగా మార్చకుండా తానే తాళం వేశానని, అది తీయాలంటే పైవాళ్ల అనుమతి రావాలని, అది వచ్చేసరికి బిడ్డ బోర్లా పడుతుందని ముఖం దించుకుని చెప్పాడు.

రెండో దారి ఇది. మక్సూద్ వరసను, ఆ నంబర్‌తో, ఆ పాత చేరిన తేదీతో, అట్లాగే మనీషా పేరు మీదికి మార్చడం. గర్భం ఎట్లాగూ అందులోనే ఉంది. సెలవు వచ్చేస్తుంది. మక్సూద్ వేరే నంబర్ తెచ్చుకుని కొత్త వరసలో చేరాలి. చేరిన తేదీ ఈ రోజు. అంటే కంపెనీలో అందరికంటే పాత డ్రైవర్ అందరికంటే కొత్త డ్రైవర్ అవుతాడు. బండ్లు ఇచ్చేది చేరిన తేదీని బట్టి. ఎవరూ వద్దన్న బండి అతనికి మిగులుతుంది.

దుర్గవ్వ గొడవ మాత్రం అక్కడే తేలిపోయింది. ఆమె కొడుకు నంబర్ ఇచ్చి కొత్త వరస కట్టించుకుంది. ఈ రోజే చేరినట్టు వస్తుందమ్మా అని అరుణ్‌కుమార్ భయపడుతూ చెబితే, "రానియ్ బిడ్డా, నా నడుము మాత్రం పాతదే," అన్నది. మనీషా తల వంచుకుని కూర్చుంది. అన్నను బండి దిగమని ఏ నోటితో అడుగుతుంది? అడగలేదు. వ్యాన్ నువ్వే నడుపు అన్నా, నేను ఎట్లనో చేసుకుంట అన్నది. ఆ పిల్ల చేతులు మెట్ల సబ్బుకు పగిలి ఉన్నాయి.

మక్సూద్ లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి కింద నిలబెట్టిన వ్యాన్‌ను చూస్తున్నాడు. పైనుంచి విమానం పోయింది, అది పోయేదాకా ఎవరం మాట్లాడలేదు. మా దగ్గర అంతే, సగం మాట నోట్లో పెట్టుకుని ఆగడం అందరికీ అలవాటు. చప్పుడు తగ్గాక నా వైపు తిరిగాడు. పరదాల గురించి నేను బాధపడతానేమో అన్నట్టు చూశాడు.

"రాయి సార్, చెల్లె పేరు రాయి," అన్నాడు. "కడుపు ఆమెది. నేను ఊకె మోస్తున్న."

నేను దారిపొడవునా తిట్టాను. పన్నెండేళ్ల సర్వీసు ఎవరైనా చీర పెట్టినట్టు పెడతారా, ఇంట్లో షహజాదిని అడగవద్దా, ఐమన్ చదువుకు ఫీజు ఎవడు కడతాడు అని నోటికొచ్చిందల్లా అన్నాను. ఐమన్ అతని కూతురు, ఇంటర్ చదువుతోంది. జీతం అంతే ఉంటది కద అక్కా, బండే కద మారేది అని అతను నెమ్మదిగా అన్నాడు. బండే కదా అని ఆ మనిషి అనడం నేను వింటానని కలలో కూడా అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. అందుకే ఇంకా గట్టిగా తిట్టాను.

షహజాది అంతా విన్నది. లోపలికి పోయి ఆ రోజు మాంసం వండింది. ఇన్నాళ్లకు కడుపు దిగింది కదా, మనిషికి బలం కావాలి అన్నది.

వ్యాన్ అప్పజెప్పే రోజు మక్సూద్ దాన్ని కడిగి, సీట్లు తుడిచి, పరదాలు విప్పుకుని తెచ్చాడు. కొత్తగా తీసుకున్నవాడికి అవి వద్దంట అని నా ముందు పెట్టాడు. నంబర్ మనీషా పేరు మీదికి మారాలి కాబట్టి సిమ్ తీసి ఇచ్చాడు. సిమ్ ఒక్కటే తీస్తే అందులో పేర్లన్నీ ఎవరు ఎక్కిస్తారని ఫోనే ఇచ్చేశాడు. వాడలో ఎవరి తల్లిది ఏ నంబరో, ఏ సూపర్‌వైజర్‌ది ఏ నంబరో అన్నీ అందులోనే ఉన్నాయి. తనకు బజారులో ఒక చిన్న ఫోన్ కొనుక్కున్నాడు. దాంట్లో ఒక్క పేరు లేదు.

కొత్తవాళ్లందరికీ చేసినట్టే అతనికీ కంపెనీలో శిక్షణ ఇచ్చారు. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతి నిలబడి, ఇది క్లచ్, ఇది బ్రేకు అని బొమ్మలు చూపించిందట. మక్సూద్ చేతులు కట్టుకుని విన్నాడు. చివర్లో సందేహాలున్నాయా అంటే, గర్భిణులు బండి నడపవచ్చునా అని అడిగాడట. వెనక నిలబడిన బిక్షం దగ్గొచ్చినట్టు బయటికి పోయాడు.

మిగిలిన బండి హోటళ్లలో పారేసే తిండిని తీసుకుని కాటేదాన్ వైపు పోయేది. కిటికీ దిగదు, దిగితే ఎక్కదు. దాని వాసన మనిషికంటే ముందు వాడలోకి వచ్చేది. అతను ఇంటికి రాగానే బయటే స్నానం చేసి లోపలికి పోయేవాడు. ఎట్లుంది బండి అని అడిగితే, పిల్లులన్నీ సలాం కొడుతున్నయ్ అనేవాడు. నవ్వేవాడు. వాడ మొగదలకు వ్యాన్ వచ్చి ఆగినప్పుడు మాత్రం అటు చూసేవాడు కాదు.

మనీషాకు సెలవు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నీలం పరదాలు విప్పి, అంచులు రెండు మడతలు వేసి, తొట్టెల కుట్టి ఇచ్చాను. ఎవరినీ అడగలేదు. మక్సూద్ చూసి, మొదట చూపించిన గుడ్డే మంచిది అక్కా అన్నాడు.

ఇదంతా అయ్యాక మా వాడవాళ్లకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? రాలేదు. ఆ పాత నంబర్‌కే ఫోన్లు వస్తూనే ఉన్నాయి. బడి నుంచి, గ్యాస్ బండవాడి నుంచి, నా మిషన్ బాగుచేసే అతని నుంచి. బాలింత పిల్ల, ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో ఆ ఫోన్. మొదట్లో మక్సూద్ అన్న లేడు అనేది. తరువాత అనడం మానేసి విషయం ఏందో అడగడం మొదలుపెట్టింది.

మొన్న నేను దాని ఇంట్లోనే ఉన్నాను, బిడ్డకు జుబ్బా కొలత తీసుకుంటున్నాను. ఫోన్ మోగింది. రెండో రింగుకు ఎత్తింది. పేరు పడలేదు, కొత్త నంబర్. ఎవరని అడిగింది. అటువైపు లారీల చప్పుడు.  తరువాత వినపడ్డ గొంతు నాకు తెలుసు, కానీ అంత మొహమాటంగా ఎప్పుడూ వినలేదు.

"చెల్లె, నేను కంపెనీల కొత్త డ్రైవర్‌ను. బండి కాటేదాన్ కాడ ఆగింది. నాకు నోటికి వచ్చే నంబర్ గిదొక్కటే. జర బిక్షంకు చెప్తవా?"

అప్పుడే ఇంటి మీదుగా విమానం పోయింది. మనీషా ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, చప్పుడు తగ్గేదాకా ఆగింది.

"పరేషాన్ కాకు అన్నా, నేను చెప్త," అన్నది.

చెప్పింది కూడా.